మూడు చుక్కల కోసం కనాటా దాకా

కెనడా వెళ్లొచ్చానని తెలిసిన వాళ్లంతా మొదట అడిగేది నయాగరా చూశారా అని. చూడలేదు. అన్ని గంటలు విమానాల్లో కాళ్లు వాచేలా కూర్చుని వెళ్లి నేను చూసి వచ్చింది ఒక పాత పుస్తకంలో ఒక పేజీ, ఆ పేజీ అంచున కొన్ని చుక్కలు. ఈ సంగతి చెప్పగానే ఎదుటివాళ్లు నావైపు జాలిగా చూస్తారు. ఇప్పుడది అలవాటైపోయింది.

నేను గుడివాడలో ముప్పై రెండేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఖాళీగా ఉండలేక, లెక్కల్లో వాడే గుర్తులు ఎలా పుట్టాయో తెలుగులో ఒక పుస్తకం రాయడం మొదలుపెట్టాను. అనాదిగా ఉన్నాయని మనం అనుకునే ఈ గుర్తులు నిజానికి నిన్నమొన్నటివి. ఐదారు వందల ఏళ్ల కిందట యూరప్‌లో బీజగణితమంతా మాటల్లోనే రాసేవారు. తెలియని రాశిని ‘వస్తువు’ అనేవారు. సమానం, సమానం అని ప్రతిసారీ రాయలేక విసిగిపోయిన ఒక వెల్ష్ వైద్యుడు రెండు సమాంతర గీతలు గీసి ఊరుకున్నాడు. ఒక ఫ్రెంచి వకీలు తెలియని వాటికి అచ్చులు, తెలిసిన వాటికి హల్లులు పెట్టాడు. వీళ్లకంటే చాలా ముందే మనవాళ్లు తెలియని రాశిని ‘యావత్తావత్’ అని, దాన్ని కుదించి ‘యా’ అని రాసుకున్నారు. రెండోది కూడా ఉంటే నలుపు పేరుతో ‘కా’ అన్నారు, మూడోదానికి నీలం పేరుతో ‘నీ’ అన్నారు. రుణ సంఖ్య అయితే అంకె నెత్తిన ఒక చుక్క పెట్టేవారు.

ఆ చుక్క దగ్గరే నేను జారిపడ్డాను. కెనడాలో ఒట్టావా పక్కనున్న కనాటాలో సుందరరావు గారని ఒక రిటైర్డ్ టెలికాం ఇంజనీరు ఉన్నారు. పత్రికలో నా వ్యాసాలు చదివి ఉత్తరాలు రాసేవారు. ఆయన అక్కడ ఎవరో పోయినవాళ్ల ఇంటి సామాను అమ్ముతుంటే ఒక లాటిన్ బీజగణితం పుస్తకం కొన్నారు. మూడున్నర వందల ఏళ్ల నాటిది. అందులో ఒక పేజీ అంచున ఎవరో సిరాతో రాసిన అంకెలున్నాయని ఫోటో తీసి పంపారు. చూశాను. ఒకదాని కింద ఒకటి 5, 9, 6. మూడింటి నెత్తినా చుక్క. మన చుక్క!

పదిహేను రోజుల్లో ఆరో అధ్యాయం రాసేశాను. మన రుణ చుక్క సముద్రం దాటి యూరప్ వెళ్లిందని దాని సారాంశం. విజయవాడలో మా ప్రచురణకర్త చదివి, మిగతా అధ్యాయాలు అందరూ రాయగలిగినవే, పుస్తకానికి ప్రాణం మాత్రం ఇదేనన్నాడు. జీవితమంతా ఇతరులు కనిపెట్టింది చెప్పినదాన్ని, నాకంటూ చెప్పడానికి ఒక్క ముక్క దొరికింది. ఒక చిన్న చిక్కు మాత్రం ఉంది. పేజీ మూసుకుపోకుండా పట్టుకున్న సుందరరావు గారి బొటనవేలు ఆ ఫోటోలో సగం అంచును కప్పేసింది. ఇంకో ఫోటో పంపమని నేను అడగలేదు. పెద్దాయన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని నాకు నేనే చెప్పుకున్నాను.

మార్చిలో మా అక్క కూతురు సునీత టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లో గృహప్రవేశం పెట్టుకుంది. ఎలాగూ వస్తున్నారు కదా, ఒక శనివారం మా ఇంట్లో మనవాళ్లందరికీ ఆ పేజీ గురించి చెప్పండి అన్నారు సుందరరావు గారు. అలా బయల్దేరాను.

బ్రాంప్టన్

దిగిన రోజు నుంచే నాకు తల తిరగడం మొదలైంది. సునీత ఫోనులో మైనస్ పద్నాలుగు అని ఉంది. దాని కిందే, అనిపించేది మైనస్ ఇరవై మూడు అని ఉంది. ఇందులో ఏది నిజమే అని అడిగితే “రెండూ నిజమే పిన్నీ” అని నవ్వేసింది. గుడివాడలో ఎండ ఎంతుంటే అంతే అనిపిస్తుంది. ఒకే గాలికి రెండు సంఖ్యలు ఇవ్వడమేమిటో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

చేతి తొడుగులు కొందామని వెళ్తే ఇంకో తిరకాసు. చీటీ మీద ఇరవై డాలర్లు అని ఉంది. తీరా కౌంటరు దగ్గర ఇరవై రెండున్నర పైచిలుకు అడిగారు. చీటీ తప్పని నేను, పన్ను విడిగా వేస్తామని కౌంటరు దగ్గరి పిల్ల, కాసేపు వాదించుకున్నాం. మన దగ్గర రాసిన ధరకంటే తక్కువకు బేరమాడతాం. ఇక్కడ రాసిన ధరకంటే ఎక్కువిచ్చి థాంక్యూ కూడా చెప్పాలి. పంజాబీ కొట్లో గోంగూర మాత్రం దొరికింది. కట్ట మూడు డాలర్లు. ఒక్క పచ్చడికి చాలదు, కానీ అంత మంచులో గోంగూర కనిపిస్తే వదిలి రాబుద్ధి కాలేదు.

గృహప్రవేశం ఇంకా విచిత్రం. పొగకు అలారం మోగుతుందని హోమం గరాజ్‌లో పెట్టారు. తలుపు సగం పైకెత్తి ఉంచారు. పంతులు గారు పట్టు పంచె మీద లావుపాటి కోటు వేసుకుని, మంత్రానికీ మంత్రానికీ మధ్య చేతులు హోమగుండానికి కాచుకున్నారు. పాలు పొంగించే దగ్గర సునీత కరెంటు పొయ్యి మీది అద్దం పాడవుతుందని గిన్నె కింద పళ్లెం పెట్టింది. పొంగితేనే శుభం, కానీ మరీ పొంగకూడదట. అలా శుభాన్ని కూడా కొలతపెట్టి పొంగించుకుని, పులిహోర తిన్నాం.

ఇవన్నీ చూస్తున్నా నా మనసు మాత్రం కనాటాలోనే ఉంది. శనివారం ఏం చెప్పాలో కాగితాల మీద రాసుకోవడం, కొట్టేయడం, మళ్లీ రాసుకోవడం. సునీత చూసి, పెళ్లిచూపులకి వెళ్తున్నట్టు కంగారు పడుతున్నావేంటని ఏడిపించింది.

రైల్లో

టొరంటోలో సునీత రైలెక్కించింది. ఒట్టావా దాకా నాలుగున్నర గంటలు. కిటికీలోంచి చూస్తే తెల్లటి పొలాలు, వాటి మధ్య నల్లటి చెట్లు, మళ్లీ తెల్లటి పొలాలు. అరగంటకే రైలు కదలడం లేదేమోనని అనుమానం వచ్చింది.

పక్క సీటులో డెబ్బై ఏళ్ల ఆవిడ అల్లిక పెట్టుకుని కూర్చుంది. ఒట్టావాకి నది అవతలి ఊరట, ఇంట్లో ఫ్రెంచి మాట్లాడతారట. ఆవిడా ఒకప్పుడు చిన్నపిల్లల టీచరే. నేను జంతికలు ఇచ్చాను, ఆవిడ మేపుల్ బిస్కట్లు ఇచ్చింది. నా కాగితాల్లో అంకెలు చూసి, ఏం రాస్తున్నారని అడిగింది. గుర్తుల గురించి అన్నాను. ఆవిడకు ఉత్సాహం వచ్చి నా పెన్ను తీసుకుంది.

మూడున్నర డాలర్లను వాళ్ల వైపు మూడు రాసి, కామా పెట్టి, యాభై రాసి, చివర డాలరు గుర్తు వేస్తారట. టొరంటో వైపు డాలరు గుర్తు ముందు వేసి, కామా బదులు చుక్క పెడతారు. ఒకే దేశం, ఒకే నోటు. తర్వాత భాగహారం చేసి చూపించింది. మనం భాజకాన్ని ఎడమ పక్క రాస్తాం కదా, ఆవిడ కుడి పక్క రాసి, దాని కింద జవాబు వేసింది. నేను ముప్పై రెండేళ్లు భాగహారాలు దిద్దినదాన్ని. ఆవిడ లెక్కలో దేన్ని దేనితో భాగించిందో తెలుసుకోవడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ మాటే చెప్పాను.

“మీకు అలా నేర్పారు, మాకు ఇలా నేర్పారు. జవాబు ఒకటే కదా” అంది ఆవిడ.

ఎంత బాగా చెప్పారండీ అని మెచ్చుకున్నాను. ఆ మాటను కాగితం మీద రాసుకున్నాను కూడా. రాసుకున్నానే గానీ బుర్రకు ఎక్కించుకోలేదు.

కనాటా

స్టేషనుకి సుందరరావు గారు, ఆయన భార్య కామేశ్వరి గారు వచ్చారు. వెడల్పు రోడ్లు, దూరదూరంగా ఆఫీసు భవనాలు, నడిచే మనిషి ఒక్కరూ లేరు. ఇంట్లో కాఫీ తాగానో లేదో, నా కళ్లలో ఆత్రం చూసి ఆయన లోపలికి వెళ్లి దిండు గలీబులో చుట్టిన పుస్తకం తెచ్చారు. వెలుతురు తగిలితే సిరా పోతుందని కర్టెన్లు వేసి, టేబుల్ లైటు ఒక్కటే వెలిగించి, ఐదు నిమిషాలే అండీ అన్నారు.

ఈసారి పేజీ మీద బొటనవేలు లేదు. ఉన్నవి ఒంటి అంకెలు కావు. మొదటిది 625. చుక్కలు ఆరు మీద, అయిదు మీద ఉన్నాయి, మధ్యలో రెండు మీద లేదు. దాని కింద 2809. ఎనిమిది మీద, తొమ్మిది మీద చుక్కలు. ఆ కింద 7396. మూడు మీద, ఆరు మీద చుక్కలు. పేజీ అడుగున బాగా వెలిసిపోయిన సిరాతో 25, 53, 84 అని ఉన్నాయి.

625 కనబడగానే 25 గుర్తుకురాని లెక్కల టీచరు భూమ్మీద ఉండదు. నాకు రాలేదు. 25 ఆ కిందే రాసి ఉన్నా రాలేదు. నాకు కావలసింది రుణ సంఖ్య. అందుకని ఆలోచించాను: సంఖ్య మొత్తం రుణం కాదు, అందులో కొన్ని అంకెలు మాత్రమే రుణం. అలా అంకెల నెత్తిన గీత పెట్టి గుణకారాలు తేలిక చేసుకునే పద్ధతి మన దగ్గర నేర్పుతారు కదా, అదే ఇది! ఆ లెక్కన 625 అంటే మైనస్ ఆరు వందలు, ప్లస్ ఇరవై, మైనస్ అయిదు. ఇది నేను అనుకున్నదానికంటే ఇంకా పెద్ద సంగతి అని సుందరరావు గారితో అనేశాను. ఆయన ముఖం వెలిగిపోయింది. వెంటనే ఫోను తీసి, అంతకుముందు పిలవని ఇంకో పదిమందిని శనివారానికి పిలిచారు.

ఆ సాయంత్రమంతా మూడు సంఖ్యలనీ అలా విప్పి చూశాను. ఒకటి మైనస్ అయిదు వందల ఎనభై అయిదు వచ్చింది, ఒకటి పదకొండు వందల తొంభై ఒకటి వచ్చింది, మూడోది ఆరు వేల ఏడు వందల ఎనభై నాలుగు. వీటిలో దేనికీ దేనితోనూ చుట్టరికం లేదు. పక్కనున్న అచ్చు లెక్కతోనూ లేదు. అడుగున ఉన్న మూడింటినీ తర్వాత ఎవరో రాసినవని కొట్టిపారేశాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అంటారు. నా కుందేలుకి ఆ రోజు ఒక్క కాలు కూడా లేదు, అయినా పరిగెత్తించాను.

శనివారం

పదకొండు గంటలకల్లా ముప్పై మంది దాకా వచ్చారు. గుమ్మం దగ్గర బూట్లు గుట్టపడ్డాయి. డాక్టర్లు, ఇంజనీర్లు, ఎక్కువమంది రిటైరయినవాళ్లు. తలా ఒక గిన్నెలో వంటకం తెచ్చారు. సుందరరావు గారు ఆ పేజీని కొత్తగా, ఈసారి వేలు అడ్డు లేకుండా ఫోటో తీసి హాల్లో పెద్ద టీవీలో పెట్టారు. నన్ను పరిచయం చేస్తూ, మన చుక్కను ప్రపంచానికి చూపించబోతున్న విదుషీమణి అన్నారు. మంచినీళ్లు తాగి వస్తానని వంటింట్లోకి వెళ్లాను.

అక్కడ మార్తమ్మ గారు చికెన్ పలావు మూత తీసి చూస్తున్నారు. నరసాపురం ఆవిడ, ఒట్టావాలో నర్సుగా చేసి రిటైరయ్యారని కామేశ్వరి గారు అంతకుముందే చెప్పారు. ఆవిడ నీళ్లిచ్చి, గుమ్మంలోంచి టీవీ వైపు చూశారు.

“అవి వర్గమూలాలు కదండీ. మా మిషన్ స్కూల్లో మేమూ అలాగే చుక్కలు పెట్టేవాళ్లం” అన్నారు.

మేము గీతలు పెట్టేవాళ్లం అన్నాను. నిజమే. మా ఊళ్లో వర్గమూలానికి అంకెలను రెండేసి జతలు చేసి, జత నెత్తిన గీత గీయమని నేర్పారు. నేనూ వేలమందికి అదే నేర్పాను.

“మాకు పాత మేష్టారండీ. ఒకట్ల అంకె మీద చుక్క, తర్వాతది వదిలెయ్యడం, ఆ పక్కదాని మీద మళ్లీ చుక్క. ఎన్ని చుక్కలుంటే జవాబులో అన్ని అంకెలు.” అలా చెబుతూనే పేపర్ న్యాప్‌కిన్ తీసుకుని, పలావు గరిటె పక్కన పెట్టి, మూడు లెక్కలూ చేసేశారు. ఇరవై అయిదు. యాభై మూడు. మూడోది ఎనభై ఆరు. “పాపం, చివరిది తప్పు చేశాడు, ఎనభై నాలుగు వేశాడు” అన్నారు.

రుణ చుక్క లేదు, సముద్రం దాటింది లేదు. ఎవరో బీజగణితం చదువుతూ, మధ్యలో వర్గమూలం అవసరమై పేజీ అంచున చిత్తు లెక్క చేసుకున్నారు. నా మహత్తర పరిశోధన ఆ చిత్తు లెక్కే. సిగ్గుతో నాకు అక్కడే కూర్చుండిపోవాలనిపించింది.

మార్తమ్మ గారు నా ముఖం చూసి అర్థం చేసుకున్నారు. న్యాప్‌కిన్ మడిచి నా చేతిలో పెట్టి, “నేనెవరికీ చెప్పనండీ. మీరు ప్రిపేర్ అయినది చెప్పుకోండి. అంత దూరం నుంచి వచ్చారు” అన్నారు.

ఆవిడ మంచికే అన్నారు. కానీ ఆ మాట నన్ను బాగా పొడిచింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. హాల్లో ఉన్న డాక్టర్లూ ఇంజనీర్లూ వర్గమూలాలు చేతితో చేసి నలభై ఏళ్లయి ఉంటుంది. పుస్తకం వస్తుంది, ఆరో అధ్యాయానికి చప్పట్లు పడతాయి. అబద్ధం చెప్పనని గొప్పలు పోను. గ్లాసులో నీళ్లు అయిపోయేదాకా నేను ఎటూ తేల్చుకోలేదు.

హాల్లోకి వెళ్లి నిలబడ్డాను. తెచ్చుకున్న కాగితాలు కుర్చీలో పెట్టేశాను. ఇవి రుణ సంఖ్యలు కావండీ, వర్గమూలం కోసం పెట్టిన చుక్కలు, నేను పొరబడ్డాను, ఇప్పుడే మార్తమ్మ గారు చెప్పారు అన్నాను. సుందరరావు గారు చేతిలోని రిమోటు టేబుల్ మీద పెట్టేశారు.

“ఇంకో ఫోటో అడిగితే ఆ రోజే పంపేవాణ్ణి కదండీ” అన్నారు ఆయన.

“అడగడానికి భయపడ్డానండీ. మీ వేలి కింద ఏముందో చూస్తే నా అధ్యాయం పోతుందేమోనని” అన్నాను.

అప్పటిదాకా ఆ సంగతి నాకు కూడా నేను చెప్పుకోలేదు. ఆయన టీవీ వైపు తిరిగారు. వెనక ఎవరో డాక్టరు గారు, ఇంతకీ వాడి జవాబులు కరెక్టేనా అని అడిగారు. మూడోది తప్పన్నాను. ఎలా తప్పని ఒకాయన, వర్గమూలం ఎలా చేస్తారో మర్చిపోయానని ఇంకొకాయన కాగితాలు తీశారు. మార్తమ్మ గారిని హాల్లోకి పిలిచి కూర్చోబెట్టారు. ఆవిడ మొహమాటపడుతూనే చుక్క ఎక్కడ పెట్టాలో చెప్పడం మొదలుపెట్టారు. పలావు చల్లారిపోతోందని కామేశ్వరి గారు రెండుసార్లు కేకేశారు.

సుందరరావు గారు మాత్రం ఆ పూట నాతో అట్టే మాట్లాడలేదు. ఆయన్ని నేను తప్పుపట్టను. మర్నాడు స్టేషనులో పెట్టె దించుతూ, “మీరు చెప్పకుండా ఊరుకుని ఉంటే నాకు సంతోషంగా ఉండేదండీ. అది తప్పని తెలుసు, అయినా ఉండేది” అన్నారు. నాకూ ఉండేదని చెప్పాను.

ఇంటికి

గుడివాడ వచ్చాక విజయవాడకి ఫోను చేసి ఆరో అధ్యాయం తీసేయమన్నాను. ప్రచురణకర్త చాలాసేపు బతిమాలాడు. ‘బహుశా’ అని ఒక మాట చేర్చి ఉంచేద్దాం, ఎవరు చూడొచ్చారన్నాడు. కుదరదన్నాను. సరే, ఏడును ఆరు చేసి, ఎనిమిదిని ఏడు చేస్తాను, అతుకు కనబడదన్నాడు. అదీ వద్దన్నాను. అయిదు తర్వాత ఏడే రావాలని పట్టుబట్టాను. పేజీలు ఊడిపోయాయనుకుని జనం పుస్తకం వెనక్కి పంపిస్తారండీ అన్నాడు. పంపించనివ్వండి, అడిగినవాళ్లకు నేను సమాధానం చెప్పుకుంటానన్నాను. ఈ వయసులో ఇదేం పంతమో నాకూ సరిగ్గా తెలియదు.

పుస్తకం వచ్చి మూడు నెలలైంది. ఆరో అధ్యాయం ఏమైందని ఇప్పటిదాకా నలుగురు రాశారు. నలుగురికీ పైన చెప్పినదంతా వివరంగా రాసి పంపాను. అందులో ఒకావిడ తిరుగు ఉత్తరం రాసింది. రిటైరయిన లెక్కల టీచరట. ఆ చుక్కల పద్ధతి తను చిన్నప్పుడే నేర్చుకుందట, అడిగి ఉంటే చెప్పేదాన్ని కదా అని రాసింది. చిరునామా చూశాను. గుడివాడే. మా ఇంటికి రెండు వీధుల అవతల.